డార్విన్ నుంచి బ్రూమ్ దాకా కారవాన్‌తో: బరువు, దూరం, మట్టి రోడ్డు

ప్రశ్న క్లుప్తంగా ఇది. మెల్‌బోర్న్‌లో ఉండే కుటుంబం. కారు టయోటా ప్రాడో 150 డీజిల్ ఆటోమేటిక్, దాని వెనక లాగే 20 అడుగుల ఫ్యామిలీ బంక్ వ్యాన్ (అరల మంచాలున్న కారవాన్), దాని ఏటీఎం, అంటే సామానుతో కలిపి వ్యాన్ ఉండదగ్గ గరిష్ఠ బరువు, 2,800 కిలోలు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి వచ్చే అమ్మానాన్నలు. నాన్నగారికి షుగర్ ఉంది. జూన్ మధ్య నుంచి ఎనిమిది వారాల సెలవు. స్టువర్ట్ హైవే మీదుగా డార్విన్, అక్కడి నుంచి కాకడు, క్యాథరిన్, కునునర్రా, బ్రూమ్. వీలైతే మట్టి దారి అయిన గిబ్ రివర్ రోడ్డు కూడా వ్యాన్‌తో చేయాలని ఉంది. కుదురుతుందా?

కుదురుతుంది, రెండు మార్పులు చేసుకుంటే. పెద్దవాళ్ళు మెల్‌బోర్న్ నుంచి కారులో రాకుండా డార్విన్‌లో కలవాలి. వ్యాన్ గిబ్ రివర్ రోడ్డు ఎక్కకూడదు. తారు రోడ్డు పక్కన మంచి చోట వ్యాన్ నిలిపి, మట్టి దారుల్లోకి కారు ఒక్కటే తీసుకెళ్ళండి. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే ఉత్తరాదిలో వచ్చే ఇబ్బందుల్లో సగం మీ దాకా రావు.

ముందు బరువు సంగతి. మీ ప్రశ్నలో దీని ప్రస్తావనే లేదు, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఇదే. ప్రాడో 150 మూడు టన్నులు లాగుతుంది, మన వ్యాన్ 2,800 కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు చూడాల్సింది కారు జీవీఎం, అంటే మనుషులు, సామాను, డీజిల్ అన్నీ కలిపి కారు మోయగలిగిన మొత్తం బరువు. మీ బండికి అది 2,990 కిలోలు. ఏడు సీట్ల ప్రాడో ఖాళీ బరువు మోడల్‌ను బట్టి 2,300 నుంచి 2,450 దాకా ఉంటుంది. అంటే మీకు మిగిలేది 540 నుంచి 690 కిలోలు. ఇప్పుడు ఎక్కించండి: నలుగురు పెద్దలు 280, ఇద్దరు పిల్లలు 60. వ్యాన్ ముందు భాగం టో బాల్ మీద, అంటే వ్యాన్‌ని తగిలించే కారు వెనకాలి గుండు మీద, మోపే బరువు, ఏటీఎంలో పది శాతం అనుకుంటే 280. ఇది కూడా కారు మోసే బరువులోకే వస్తుంది. అక్కడికే 620 అయింది. ఇంకా బుల్ బార్, టో బార్, రెండో స్పేర్ టైరు, కారు ఫ్రిజ్, పనిముట్లు, మంచినీళ్ళు లెక్కలోకి రాలేదు. అవన్నీ పెడితే బండి లెక్క దాటినట్టే. దాటిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగేది ఇదే.

బరువు పడే చోటు కూడా ముఖ్యమే. టో బాల్ ఉండేది కారు వెనక ఇరుసుకి ఇంకా వెనకాల, 1.2 మీటర్ల దూరంలో. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.79 మీటర్లు. అందుకే బాల్ మీద 280 పెడితే వెనక ఇరుసు మీద 400 పడుతుంది, ముందు ఇరుసు మీద 120 తగ్గుతుంది. దాని మీద మూడో వరుసలో ఇద్దరు కూర్చుంటే వెనక ఇంకా కుంగుతుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ వదులవుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు పైకి చూస్తాయి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొంత బరువును ముందుకి తోస్తుంది కానీ మొత్తం బరువును తగ్గించదు. గతుకుల రోడ్డు మీద, లోతైన వాగు దాటేటప్పుడు దాని స్ప్రింగ్ బార్లు తీసేయాలి.

దీనికి మూడు దారులున్నాయి. జీవీఎం పెంచే సస్పెన్షన్ కిట్ ఇంజనీరు సర్టిఫికెట్‌తో వేయించుకోవడం ఒకటి. డార్విన్‌లో ఒక చిన్న కారు అద్దెకి తీసుకుని ఇద్దరు డ్రైవర్లతో రెండు బండ్లుగా వెళ్ళడం రెండోది. సామాను తగ్గించేయడం మూడోది. మీ స్థానంలో ఎవరున్నా నేను మొదటిదే చెప్తాను, దానితోపాటు మూడోది కూడా. ఏది చేసినా, ప్రయాణానికి రెండు వారాల ముందు వ్యాన్ తగిలించి, అన్నీ సర్ది, మనుషులతో సహా పబ్లిక్ వేబ్రిడ్జికి తీసుకెళ్ళండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, వ్యాన్ చక్రాలు విడివిడిగా, తర్వాత మొత్తం. ఇంట్లో కూర్చుని వేసిన లెక్క ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

వ్యాన్ లోపల కూడా ఇదే. ఖాళీ బరువుకి, ఏటీఎంకి మధ్య తేడా సాధారణంగా 400 నుంచి 450 కిలోలు ఉంటుంది. రెండు 90 లీటర్ల నీళ్ళ ట్యాంకులు నింపితే 180 అక్కడే పోయింది. నీటి కుళాయి ఉన్న కారవాన్ పార్కు నుంచి ఇంకో పార్కుకి వెళ్ళే రోజుల్లో ఒక ట్యాంకు సగం చాలు. బియ్యం 25 కిలోల బస్తా మెల్‌బోర్న్ నుంచి మోసుకెళ్ళే అవసరం లేదు, డార్విన్‌లో ఇండియన్ షాపులున్నాయి. బరువైనవి ఇరుసు మీద, కింది అరల్లో పెట్టండి. వెనక బంపర్ మీద సైకిళ్ళు, జెర్రీక్యాన్లు (డీజిల్ డబ్బాలు) వేలాడదీస్తే వ్యాన్ తోక ఊపడం మొదలవుతుంది.

ఊగడం మొదలైతే ఏం చేయాలో నడిపే ఇద్దరికీ తెలియాలి. కారు బ్రేకు తొక్కొద్దు. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి సరిచేయాలని చూడొద్దు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, ఎలక్ట్రిక్ బ్రేక్ కంట్రోలర్‌లో చేత్తో నొక్కే మీట నొక్కాలి. అప్పుడు వ్యాన్ బ్రేకులు మాత్రమే పట్టి అది కారు వెనక తిన్నగా సర్దుకుంటుంది. ఆ మీట డ్రైవరు చూడకుండానే చేతికి అందే చోట బిగించుకోండి.

ఇక కాలం. ఉత్తరాన మే నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. మీ తేదీలు నడిమధ్యలో పడ్డాయి, ఇంతకన్నా మంచివి దొరకవు. కాకడు నేషనల్ పార్కు ప్రాంతపు ఆదివాసులైన బినింజ్ ప్రజలు ఏడాదిని ఆరు కాలాలుగా చూస్తారు. జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా వాళ్ళకి వుర్‌గెంగ్, చల్లని కాలం. డార్విన్‌లో పగలు 30 దాటి ఒకటో రెండో డిగ్రీలు, రాత్రి 20 దగ్గర. హాల్స్ క్రీక్ మాత్రం ఎడారి అంచున ఉంది, జూలై రాత్రుళ్ళు 12, 13కి దిగుతుంది. దారిలో ఆలిస్ స్ప్రింగ్స్‌లో అయితే తెల్లవారుజామున నీళ్ళ గొట్టం గడ్డకట్టే రోజులుంటాయి. దుప్పట్లు, స్వెటర్లు తప్పకుండా పెట్టుకోండి.

వాన కాలాన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 2023 జనవరిలో ఎల్లీ తుఫాను తర్వాతి వరదకి ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ దగ్గర గ్రేట్ నార్తర్న్ హైవే వంతెన పోయింది. కొత్త వంతెన అదే ఏడాది డిసెంబరులో తెరిచారు. ఈ మధ్యలో అక్కడ తారు రోడ్డుకి ఇంకో తారు రోడ్డు ప్రత్యామ్నాయం లేదు. పొడి కాలంలో ఇలాంటివి అరుదు, అయినా బయలుదేరే ప్రతి ఉదయం నార్తర్న్ టెరిటరీ రోడ్ రిపోర్టు, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో మెయిన్ రోడ్స్ ట్రావెల్ మ్యాపు చూసి కదలండి. నేషనల్ పార్కుల లోపలి దారులు వేరుగా మూస్తారు, తెరుస్తారు. కాకడుకి విడిగా యాక్సెస్ రిపోర్టు ఉంటుంది.

దూరాలు చూడండి. మెల్‌బోర్న్ నుంచి డార్విన్ 3,750 కిలోమీటర్లు. డార్విన్ నుంచి జబిరు 250, జబిరు నుంచి పైన్ క్రీక్ 205, అక్కడి నుంచి క్యాథరిన్ 90. క్యాథరిన్ నుంచి కునునర్రా 510, కునునర్రా నుంచి హాల్స్ క్రీక్ 360, తర్వాత ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ 290, బ్రూమ్ 400. వెనక్కి క్యాథరిన్, ఆలిస్ మీదుగా మెల్‌బోర్న్ రావడానికి దాదాపు 5,000. పక్క తిరుగుళ్ళు కలిపితే 12,000 అవుతుంది, డీజిల్ 2,000 లీటర్లు పడుతుంది. వ్యాన్‌తో రోజుకి 400 నుంచి 450 కిలోమీటర్లు మించొద్దు. వెళ్ళడానికి 9 రోజులు, రావడానికి 11 రోజులు తీసేయండి. మిగిలిన 36 రోజుల్లో డార్విన్, లిచ్‌ఫీల్డ్‌కి 5, కాకడుకి 4, క్యాథరిన్‌కి 3, టింబర్ క్రీక్‌లో ఒక రాత్రి, లేక్ ఆర్గైల్, కునునర్రా కలిపి 6, బంగిల్ బంగిల్‌కి 2, హాల్స్ క్రీక్ ఒకటి, ఫిట్జ్‌రాయ్ 2, బ్రూమ్ 5. ఇంకా ఒక వారం మిగులుతుంది. ఆ వారాన్ని ముందే నింపేయొద్దు. బేరింగు పోతే విడిభాగం రావడానికి, పిల్లలకి జ్వరం వస్తే ఆగడానికి అది ఉండాలి.

పెద్దవాళ్ళకి సింగపూర్ మీదుగా డార్విన్‌కి విమానం ఉంటుంది. బ్రూమ్ నుంచి పెర్త్ వెళ్ళి ఇండియాకి తిరిగి వెళ్ళొచ్చు. అలా చేస్తే ఆలిస్ చలి, తొమ్మిది రోజుల కూర్చుడు తప్పుతాయి, రానూ పోనూ వేల కిలోమీటర్లు కారులో ఇద్దరి బరువు ఉండదు. ఇంకో మాట: బంక్ వ్యాన్‌లో ఆరుగురికి చోటుందని కాగితం మీద ఉన్నా, ఆరు పదులు దాటినవాళ్ళు రాత్రిపూట డైనింగ్ టేబుల్‌ని మంచంగా మార్చుకుని పడుకోవడం రెండు రాత్రుల ముచ్చటే. డార్విన్, క్యాథరిన్, కునునర్రా, బ్రూమ్ పార్కుల్లో మీ పవర్డ్ సైటు (కరెంటు కనెక్షన్ ఉన్న చోటు) పక్కనే వాళ్ళకి ఏసీ క్యాబిన్ తీసుకోండి. ఖర్చు ఉంది, కానీ ఆ ఖర్చుకి విలువ ఉంది. బ్రూమ్‌లో జూలై సైటు ఆరు నెలల ముందైనా బుక్ చేయాలి, క్యాబిన్ అయితే ఇంకా ముందే. బ్రూమ్ దొరికిన తేదీలు పట్టుకుని మిగతావన్నీ వెనక్కి లెక్కేసుకుంటూ బుక్ చేయండి.

బయలుదేరే ముందు వ్యాన్‌కి చేయించాల్సినవి: వీల్ బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టించడం, బ్రేక్ మాగ్నెట్ల అరుగుదల చూడటం, టైర్ల మీద తయారీ తేదీ చూడటం. చూడటానికి గాళ్ళు బాగానే ఉన్నా ఆరేడేళ్ళు దాటిన టైరుతో ఈ వేడిలోకి వెళ్ళొద్దు. ఒక పూర్తి బేరింగు సెట్టు, గ్రీజు సీలు, స్ప్లిట్ పిన్నులు, ఒక డబ్బా హై టెంపరేచర్ గ్రీజు వెంట ఉంచుకోండి. అవి పట్టుకుని చేతిలో పెడితే చిన్న ఊళ్ళో మెకానిక్కు గంటలో పని ముగిస్తాడు. అవి లేకపోతే వారం ఎదురుచూడాలి.

ప్రతి ఆగుడులో వ్యాన్ చక్రాల హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి, లేదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టండి. నాలుగూ దాదాపు ఒకే వేడిలో ఉండాలి. గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి మాత్రం చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే, బేరింగు పోతోంది లేదా ఆ చక్రం బ్రేకు పట్టుకుని వదలడం లేదు. మూడూ వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే దాని బ్రేకు పనిచేయడం లేదు, వైరు తెగి ఉంటుంది. టైరు గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే పెట్టాలి. ఓ గంట నడిచాక లైట్ ట్రక్ టైరులో గాలి 6 పీఎస్‌ఐ కన్నా ఎక్కువ పెరిగితే ఉదయం తక్కువ పెట్టారని అర్థం. మధ్యాహ్నం వేడి మీద గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేయడం అందరూ చేసే తప్పు. దానివల్ల టైరు గోడ ఇంకా ఎక్కువ మడతపడి, ఇంకా వేడెక్కి, చివరికి విచ్చిపోతుంది.

వ్యాన్ తగిలించాక ఒక మనిషి చదువుతుంటే ఇంకో మనిషి ముట్టుకుని చూడాలి. కప్లింగ్ (వ్యాన్‌ని టో బాల్‌కి పట్టించే భాగం) తాళం పడిందా, జాకీ చక్రం పైకి తీశారా. మీ వ్యాన్ 2,500 కిలోలు దాటింది కాబట్టి చట్టప్రకారం రెండు గొలుసులు ఉండాలి, వాటిని కప్లింగ్ కింద అడ్డంగా దాటించి రేటింగ్ ఉన్న షాకిల్‌తో బిగించాలి. వ్యాన్ ఊడిపోతే దాని బ్రేకులు పట్టించే బ్రేక్‌అవే కేబులు గొలుసుకి కాకుండా కారుకే తగిలించాలి. పన్నెండు పిన్నుల ప్లగ్గు, ఆండర్సన్ ప్లగ్గు, మెట్టు, పై కిటికీలు, గ్యాస్ సిలిండరు వాల్వు కట్టేయడం. తర్వాత కదిలించి, 20 వేగంలో కంట్రోలర్ మీట నొక్కి వ్యాన్ వెనక్కి లాగుతోందో లేదో చూసి, అప్పుడు రోడ్డెక్కాలి. కదులుతున్న వ్యాన్‌లో ఎవరూ ఉండకూడదు, అమ్మగారు కాసేపు నడుం వాల్చాలన్నా సరే.

హైవే మీద నార్తర్న్ టెరిటరీలో 130 బోర్డులు కనిపిస్తాయి. వ్యాన్‌తో మీ వేగం 90, మహా అయితే 95. ఆ పైన డీజిల్ తడిసి మోపెడవుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. గేరు మాటిమాటికీ మారుతుంటే ఎస్ మోడ్‌లో 5 లేదా 4లో పట్టి ఉంచండి. ఊరికే మారుతూ ఉంటే ట్రాన్స్‌మిషన్ నూనె వేడెక్కుతుంది.

రోడ్ ట్రైన్లు, అంటే వరసగా చాలా ట్రైలర్లు లాగే లారీలు, 53.5 మీటర్ల దాకా పొడవు ఉంటాయి. మీరు దాన్ని దాటాలంటే ఎదురుగా రెండు కిలోమీటర్ల దాకా ఖాళీ రోడ్డు కనపడాలి. వ్యాన్‌తో అసలు దాటాల్సిన పని అరుదు. అవే మిమ్మల్ని దాటుతాయి. అప్పుడు మీ వరుసలో, మీ వేగంలో నిలకడగా ఉండండి. అది పూర్తిగా పక్క వరుసలోకి వచ్చాక కొంచెం వేగం తగ్గించండి. ముందే బ్రేకు తొక్కితే వెనక డ్రైవరుకి మీ ఉద్దేశం అర్థం కాదు. యూహెచ్‌ఎఫ్ రేడియో ఛానెల్ 40 మీద పెట్టుకుని, వ్యాన్ వెనక ఆ సంఖ్య రాసి ఉంచితే డ్రైవరు మీతో మాట్లాడగలడు. ఖాళీ రోడ్డు మీకు కనిపిస్తే మీరే ఆయనకి చెప్పొచ్చు.

సాయంత్రం నాలుగున్నరకల్లా ఆగిపోవాలి. చాలా చోట్ల కంచెలు లేవు, చీకటి పడే వేళ పశువులు, వాలబీలు (చిన్న కంగారూలు) రోడ్డు మీదికి వస్తాయి. పశువు అడ్డం వస్తే పక్కకి తిప్పకుండా తిన్నగా బ్రేకు వేయండి. వ్యాన్ తగిలించి ఉన్నప్పుడు పక్కకి తిప్పితే బోల్తానే.

గాలి గురించి ఎవరూ చెప్పరు. పొడి కాలంలో అక్కడ ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది. డార్విన్ నుంచి బ్రూమ్ వైపు వెళ్ళేటప్పుడు అది మీ వెనక నుంచి తోస్తుంది, వంద కిలోమీటర్లకి 16, 17 లీటర్లతో సరిపోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ముఖాన కొట్టి 20 దాటిస్తుంది. ప్రాడో రెండు ట్యాంకులు కలిపి 150 లీటర్లు, కాబట్టి జెర్రీక్యాన్లు అక్కర్లేదు. కానీ సగం ట్యాంకు దగ్గర కనిపించిన రోడ్‌హౌస్‌ని (హైవే పక్క డీజిల్ బంకుని) వదలొద్దు: క్యాథరిన్ తర్వాత విక్టోరియా రివర్, టింబర్ క్రీక్; కునునర్రా తర్వాత వార్మన్; ఫిట్జ్‌రాయ్ తర్వాత విల్లారే.

కాకడులో కారవాన్‌కి సరిపోయే తారు రోడ్డు నిండుగా ఉంది. అర్నెమ్ హైవేతో లోపలికి వచ్చి కాకడు హైవేతో పైన్ క్రీక్ దగ్గర బయటపడొచ్చు. జబిరులో రెండు రాత్రులు, కూయిండాలో రెండు రాత్రులు పెట్టుకోండి. ఉబిర్‌కి తారు రోడ్డే, పెద్దవాళ్ళు కూడా చూడగలిగే రాతి చిత్రాలు అక్కడున్నాయి. సాయంత్రం పైకెక్కి చిత్తడి నేలల మీద సూర్యాస్తమయం చూడాలంటే చివర్లో కాస్త బండరాళ్ళ ఎక్కుడు ఉంది. ఎల్లో వాటర్ పడవ ప్రయాణం తెల్లవారుజాముది తీసుకోండి. జిమ్ జిమ్ జలపాతం దారి చివరి పది కిలోమీటర్లు ఫోర్ వీల్ డ్రైవ్‌కి మాత్రమే, వ్యాన్‌కి అనుమతి లేదు. కాకడు టికెట్టు వేరు, డార్విన్ దగ్గరి లిచ్‌ఫీల్డ్, క్యాథరిన్ దగ్గరి నిట్‌మిలుక్ పార్కులకి టెరిటరీ బయటి నుంచి వచ్చేవాళ్ళు తీసుకోవాల్సిన పార్క్స్ పాసు వేరు. లిచ్‌ఫీల్డ్‌కి వ్యాన్‌ని బ్యాచిలర్ ఊళ్ళో ఉంచి కారులో వెళ్ళిరండి.

మొసళ్ళ విషయంలో అక్కడి నియమం ఒక్కటే: తెరిచి ఉందని బోర్డు ఉన్న చోటే దిగాలి. ఉప్పునీటి మొసలి పేరుకే ఉప్పునీటిది, సముద్రానికి చాలా దూరంలో మంచినీటి నదుల్లోనూ ఉంటుంది. నీటి అంచు నుంచి కనీసం 5 మీటర్లు దూరంగా నిలబడండి, విడిది 50 మీటర్ల దూరంలో. కాకడులో నదిని దాటే కేహిల్స్ క్రాసింగ్ దగ్గర పోటు సమయానికి చేపల కోసం మొసళ్ళు చేరతాయి. ఒడ్డున గట్టు మీద కట్టిన వేదిక నుంచే చూడండి, ఫోటో కోసం పిల్లలని నీళ్ళ దగ్గరికి పంపొద్దు. క్యాథరిన్‌కి దక్షిణాన ఉన్న మటరాంకా వేడి నీటి కొలను మాత్రం పెద్దవాళ్ళకి ఎంతో హాయి, నీళ్ళు ఏడాది పొడవునా 34 డిగ్రీలుంటాయి. బాక్స్ జెల్లీ ఫిష్ ప్రధానంగా అక్టోబరు నుంచి మే దాకా. మీ నెలల్లో తక్కువే అయినా బీచికి ఒక సీసా వెనిగర్ తీసుకెళ్ళండి.

క్యాథరిన్ దాటాక వంటింటి లెక్క మారుతుంది. వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దులో ఇరవై నాలుగు గంటల క్వారంటైన్ తనిఖీ ఉంది. పచ్చి కూరగాయలు, పండ్లు, తేనె, మొక్కలు లోపలికి రానివ్వరు. మన సామానులో పట్టుబడేవి ఇవి: పచ్చి మిరపకాయలు, అల్లం, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, ఫ్రీజరు అరలో కాగితంలో చుట్టి మరిచిపోయిన కరివేపాకు, అమ్మగారు ఇంటి నుంచి తెచ్చిన తేనె సీసా. మొలకెత్తే నిండు గింజలు, అంటే పెసలు, బొబ్బర్లు, ఆవాలు, మెంతులు ఉంటే మీరే తీసి చూపించండి. అధికారి చూసి నిర్ణయిస్తారు. చూపించినందుకు ఏమీ అనరు, దాచినందుకు ఫైను వేస్తారు. టింబర్ క్రీక్‌లో ముందు రాత్రి ఉన్న ఉల్లి, టమాటా అంతా వేయించి పులుసో, తొక్కో చేసేయండి. వండినదానికి అడ్డు లేదు. కునునర్రాలో పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది, అక్కడ కొత్తగా నింపుకోవచ్చు. సరిహద్దు దాటగానే గడియారం గంటన్నర వెనక్కి వెళ్తుంది. అక్కడ సూర్యుడు త్వరగా దిగిపోతాడు, ఆగే వేళ దాని ప్రకారం మార్చుకోండి.

వంట వ్యాన్ బయటే పెట్టుకోండి. తాలింపు వేయగానే లోపల పొగ అలారం మోగుతుంది, ఆ జిడ్డు పరుపుల దాకా పోతుంది. అన్నానికి, పప్పుకి గ్యాస్ మీద చిన్న కుక్కర్ చాలు. 9 కిలోల సిలిండర్లు రెండుంటే సరి. మిక్సీ అక్కర్లేకుండా పొడులు ఇంటి దగ్గరే కొట్టుకుని వెళ్ళండి. 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ, 400 వాట్ల సోలార్ ఫ్రిజ్‌కి, లైట్లకి, పంపుకి సరిపోతాయి. ఏసీకి చాలవు, ఏసీ కావాలంటే పవర్డ్ సైటు, 15 ఆంప్స్ వైరు కావాలి. గ్యాస్‌తో నడిచే త్రీ వే ఫ్రిజ్ 35 డిగ్రీలు దాటితే చల్లబరచలేదు. ఇన్సులిన్ ఉంటే కంప్రెసర్ ఫ్రిజ్‌లోనే పెట్టండి, అదీ గడ్డకట్టే పలక పక్కన కాకుండా మధ్యలో. టాయిలెట్ క్యాసెట్ 18, 20 లీటర్లే. ఆరుగురికి రోజున్నరలో నిండుతుంది, కాబట్టి పార్కుల్లో ఉన్నప్పుడు పార్కు బాత్‌రూములే వాడి, క్యాసెట్ ఖాళీ చేసే డంప్ పాయింట్లు ఎక్కడున్నాయో ముందే గుర్తుపెట్టుకోండి.

కునునర్రా చుట్టూ ఆర్డ్ నది సాగునీటి కింద మామిడి, పుచ్చతోటలతో పాటు మన శ్రీగంధం చెట్ల తోటలు పెద్ద ఎత్తున ఉన్నాయి. పెద్దవాళ్ళు తప్పకుండా ఆగి చూస్తారు. లేక్ ఆర్గైల్ పార్కు తారు రోడ్డు మీదే, అక్కడ మూడు రాత్రులు పెట్టినా ఎక్కువ కాదు. ఎల్ క్వెస్ట్రో, ఎమ్మా జార్జ్ కునునర్రా నుంచి పగటి పూట కారులో చేయండి. గిబ్ రివర్ రోడ్డు రుచి మీకు కావాల్సినంత అక్కడే దొరుకుతుంది.

ఎందుకు వ్యాన్ వద్దంటున్నానంటే, గిబ్ డెర్బీ వైపు నుంచి 660 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం కంకర, మట్టి మీద వాషింగ్ బోర్డు లాంటి అలలు. మామూలు బంక్ వ్యాన్‌లో వరుసగా పోయేవి: షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగు హ్యాంగర్లు, అడుగున నీళ్ళ ట్యాంకు మూతి, డ్రాబార్ మీది వైరింగు, ఫ్రిజ్ తలుపు కీలు, మైక్రోవేవ్ మరలు. ట్యాంకు మూతి ఒక రాయికి విరిగితే నీళ్ళన్నీ దారిలోనే పోతాయి, అందుకే 20 లీటర్ల మంచినీళ్ళ డబ్బా కారులో ఎప్పుడూ విడిగా ఉండాలి. 'సెమీ ఆఫ్‌రోడ్' అని అమ్మిన వ్యాన్ల వారంటీ కాగితంలో కంకర రోడ్డు గురించి ఏం రాశారో చదవండి. బండి విరిగితే అక్కడి నుంచి లాక్కురావడానికి వేల డాలర్లు అవుతాయి, చాలా పాలసీలు ఆ రోడ్డుని మినహాయిస్తాయి. కారు ఒక్కదానితో కంకర ఎక్కినప్పుడు గాలి 28, 30 పీఎస్‌ఐకి దించి 60 నుంచి 80 వేగంలో వెళ్ళండి. తారు మీదికి రాగానే మళ్ళీ నింపండి, కంప్రెసర్ లేకుండా వెళ్ళొద్దు.

బంగిల్ బంగిల్, అంటే పూర్నులులు పార్కు, హైవే నుంచి 53 కిలోమీటర్ల మట్టి దారి, మధ్యలో వాగులు, ఒక్కో వైపు రెండు గంటలు. ఒంటి ఇరుసు ఆఫ్‌రోడ్ ట్రైలర్లు తప్ప వేరేవి రానివ్వరు. హైవే పక్కన కారవాన్ పార్కులో వ్యాన్ ఉంచి మీరూ పిల్లలూ కారులో వెళ్ళండి. పెద్దవాళ్ళ నడుముకి ఆ దారి వద్దు. కునునర్రా నుంచి చిన్న విమానంలో పైనుంచి చూపించండి, ఆ గోపురాలు పైనుంచే ఎక్కువ బాగుంటాయి.

నాన్నగారి షుగర్ గురించి. అక్కడి మట్టిలో, బురదలో మెలియాయిడోసిస్ అనే జబ్బు కలిగించే బ్యాక్టీరియా ఉంటుంది. వాన కాలంలోనే ఎక్కువ, కానీ షుగర్ ఉన్నవాళ్ళకి అది ప్రమాదకరం. చెప్పుల్లేకుండా మట్టిలో నడవనివ్వొద్దు, కాలి పుండు ఉంటే కప్పి ఉంచండి, ప్రయాణంలో జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకి 'ఉత్తరాదిలో తిరుగుతున్నాం, షుగర్ ఉంది' అని మొదటే చెప్పండి. మందులు ప్రయాణానికి పైన మూడు వారాలకి సరిపడా, రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి. క్యాథరిన్, కునునర్రా, హాల్స్ క్రీక్, ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్, డెర్బీ, బ్రూమ్‌లలో ఆసుపత్రులున్నాయి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళ ఇన్సూరెన్సులో విమాన అంబులెన్సు ఖర్చు, ముందే ఉన్న షుగర్ కవర్ అవుతాయో లేదో కాగితం మీద చూసుకోండి. ఊళ్ళ మధ్య ఫోను ఉండదు. ఊళ్ళలో టెల్‌స్ట్రా సిగ్నల్ మిగతావాటికన్నా మేలు. ఒక పీఎల్‌బీ (ఆపదలో ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే చిన్న పరికరం) రిజిస్టరు చేయించి కారు డ్యాష్‌బోర్డులో ఉంచండి. అది వ్యాన్‌లో ఉంటే, కారు ఒక్కటే వెళ్ళిన రోజు పనికిరాదు.

బ్రూమ్‌లో పౌర్ణమి తర్వాతి రెండు మూడు రాత్రులు రోబక్ బే మీద చంద్రోదయం చూడటానికి వస్తే, సాయంత్రం దోమల మందు ఒంటికి, కాళ్ళకి పట్టించండి. పెద్ద పోటు రోజుల్లో మడ అడవుల నుంచి మిడ్జీలనే కుట్టే చిన్న పురుగులు విపరీతంగా వస్తాయి, వాటి కాటు వారం దురద పెడుతుంది. గ్యాంథోమ్ పాయింట్ దగ్గర డైనోసార్ అడుగుజాడలు బాగా తగ్గిన ఆటు సమయంలోనే బయటపడతాయి. టైడ్ పట్టిక చూసి వెళ్ళండి, నీరు వేగంగా తిరిగొస్తుంది.

పెద్దవాళ్ళని బ్రూమ్‌లో విమానం ఎక్కించాక వెనక్కి బయలుదేరే ముందు వ్యాన్ ఒకసారి వర్క్‌షాపుకి చూపించండి: బేరింగుల ఆట, స్ప్రింగు బోల్టుల బిగువు, బ్రేకుల సర్దుబాటు. అక్కడి నుంచి ఎదురుగాలి, రెండు ట్యాంకులూ నింపుకునే కదలండి. విల్లారేలో మళ్ళీ నింపండి, ఆ తర్వాత ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ దాకా 230 కిలోమీటర్లు బంకు లేదు.